బానెట్ మీద బూడిద

మార్చి 10

అక్కా,

వీధి నీళ్ళు దొంగిలించింది బావ. పేరుకి షిఫ్టు సూపర్‌వైజరు, పనికి పట్టపగటి దొంగ. ఈ మాట ఆయన మొహం మీద అనకుండా నిన్న బస్సెక్కి వచ్చేశాను. దారి పొడుగునా పళ్ళు కొరుక్కున్నాను. అందుకే ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. నువ్వు చదివి ఆయనకి వినిపించు. ఒక్క ముక్క కూడా మింగకు.

నిన్న తెల్లవారగానే మీ వంటింటి కిటికీలోంచి చూశాను. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వరసగా పెట్టుకుని నిలబడ్డారు. కుళాయి మూతికి నీలం పైపు, పైపు చివర బావ, బావ ముందు కంపెనీ వాళ్ళిచ్చిన కారు. ముందు చక్రాలకి నీళ్ళు కొట్టాడు. తర్వాత పైకప్పు నుంచి కిందికి ధార పట్టాడు. రెండు బక్కెట్లు పెట్టుకున్నాడు. ఒకదాన్లో సబ్బు నురగ, ఒకదాన్లో గుడ్డ జాడించుకోవడానికి మంచినీళ్ళు. ఆ మంచినీళ్ళు మూడుసార్లు పారబోసి మళ్ళీ పట్టాడు. నీ పెళ్ళయ్యాక నిన్నెప్పుడైనా అంత శ్రద్ధగా చూశాడా?

టైలరమ్మ అడిగింది, నేను విన్నాను. “సూపర్‌వైజరుగారూ, మీ బండికి దాహం తీరిందా? మేం బియ్యం కడుక్కోవాలి.” బావ తల ఎత్తలేదు. “అయిపోయిందమ్మా, ఇంకొక్క అయిదు నిమిషాలు” అన్నాడు. ఆ తర్వాత తోలుగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, నీడలోకి తోసి, చిన్న డబ్బాలోంచి వ్యాక్స్ తీసి గుండ్రంగా గుండ్రంగా రుద్దాడు. అది ఆరేదాకా కాపలా కూర్చుని మళ్ళీ ఇంకో గుడ్డతో మెరుగు పెట్టాడు. బిందెలు ఖాళీగానే ఉన్నాయి. కారులో మాత్రం అందరి మొహాలూ కనిపించాయి.

నీరు ఉమ్మడి సొత్తు అని నేను చదివిన చిన్న పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. (రెండో పేజీ మా ప్రెస్సులో ఇంకా అచ్చు కాలేదు. అది వేరే సంగతి.) యజమాని వస్తువుని తన బిడ్డకన్నా ఎక్కువగా సాకేవాణ్ణి ఏమనాలో కూడా అందులో ఉంది. నువ్వు బాధపడతావని రాయడం లేదు.

నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. బావ డ్యూటీనుంచి తెల్లారుజామున వచ్చి కునుకు తీస్తాడు కదా. ఆయన లేచేలోపు నువ్వు ఒక పొడిగుడ్డ పట్టుకుని కారుని తుడిచెయ్యి. పైపు చుట్టి అటకమీద పడెయ్యి. పొడిగుడ్డతో పోయే దుమ్ముకి వీధి నీళ్ళెందుకు? పెద్ద పోరాటాలన్నీ ఇలాంటి చిన్న పనులతోనే మొదలయ్యాయి.

కోపం నీ మీద కాదు.

నీ తమ్ముడు

---

మార్చి 17

ఒరే మిరపకాయ్,

నీ ఉత్తరం మీ బావకి వినిపించమన్నావు. వినిపించాను. “పట్టపగటి దొంగ” దగ్గర ఆగి మొహం చూశాను. “చదువు, చదువు, బాగా రాస్తున్నాడు” అన్నాడు. అంతే. ఉప్పూ కారం లేని మనిషితో నాకు కాపురం. దెబ్బలాటకి కూడా తోడు రాడు.

మొన్న నువ్వు భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయావు. వండింది నేను. దొంగ మీద కోపం అన్నం మీద చూపించమని మీ పుస్తకంలో ఎన్నో పేజీలో ఉందో చెప్పు. నోరు ముందు పుట్టి, తీరిగ్గా తర్వాత నువ్వు పుట్టావు.

కానీ ఒకమాట నిజం. మీ బావ మారాడు. వెనక ఈ కారుని నెలకోసారి కడిగితే గొప్ప. వెనకద్దం మీద ఎవరో పిల్లకాయ వేలితో బొమ్మ గీస్తే, అది వర్షాలొచ్చి పోయేదాకా అలాగే ఉంది. ఇప్పుడు రోజూ కడుగుడే. వ్యాక్స్ డబ్బా అయిపోకుండానే ఇంకోటి తెస్తున్నాడు. కడిగేటప్పుడు చేతులకి రబ్బరు తొడుగులు, మూతికి రుమాలు. “నువ్వు లోపలికి పో, కిటికీలు వేసుకో” అంటాడు. “ఎందుకండీ, కారు సిగ్గుపడుతుందా?” అన్నాను. నవ్వలేదు.

ఇంకో వింత చెప్తా విను. బానెట్‌కి సరిగ్గా నడుమ, నిలువుగా ఒక టేపు అంటించాడు. ఎడమవైపు వ్యాక్స్ మీద వ్యాక్స్ పూస్తాడు. కుడివైపు అసలు ముట్టడు. నీళ్ళు పోస్తే ఎడమవైపు ముత్యాల్లా దొర్లిపోతాయి, కుడివైపు చాపలా పరుచుకుంటాయి. పిసినారితనమేమో, వ్యాక్స్ మిగుల్చుకుందామనేమో అనుకున్నాను. అయితే డబ్బామీద డబ్బా ఎందుకు తెస్తాడు? వయసొచ్చేకొద్దీ మగాళ్ళకి ఏదో ఒక పిచ్చి పడుతుందట. పక్కింటాయనకి పేకాట. వాళ్ళావిడకన్నా నేను నయం.

మేనేజరు కూడా చెప్పాడట. సూపర్‌వైజర్ల కార్లు గేటు దగ్గర మరక లేకుండా కనిపించాలి, ఇంటిదగ్గరే కడుక్కుని రండి, ఫ్యాక్టరీ షెడ్డులో కడగొద్దు అని.

కుళాయి దగ్గర అందరూ నీ పక్షమే. టైలరమ్మకైతే నువ్వు దేవుడివి. పాపం, ఆవిడ ఆరేసిన దుప్పట్లకి సన్నటి చిల్లులు పడుతున్నాయి. పురుగులు అంటుంది. నేను వాళ్ళ మొహాలు చూడలేకపోతున్నాను. నీ పొడిగుడ్డ సంగతి చూస్తాలే. సిగ్గు చంపుకుని పైపు కింద బతకడంకన్నా అదే మేలు.

వేళకి తిను. ప్రెస్సు సిరా చేతులతో తినకు.

అక్క

---

మార్చి 22

అక్కా,

శభాష్. నువ్వు నా అక్కవి అనిపించుకున్నావు.

రబ్బరు తొడుగులట! మూతికి రుమాలట! మట్టి తాకితే చెయ్యి మాసిపోయే జాతి తయారవుతోంది, అందులో మా బావ చేరాడు. ఒకప్పుడు అదే ఫ్యాక్టరీలో బొగ్గు తోసినవాడు కాదా? నాలుగు జీతాలు పెరగగానే దుమ్ము అంటరానిదైపోయింది. కిటికీలు ఎందుకు వేయిస్తున్నాడో నీకు అర్థం కాలేదు, నాకైంది. వీధి చూపు తగలకూడదు. తప్పు చేసేవాడికి మొదట కనబడే శత్రువు కిటికీ.

సగం బానెట్ సంగతి చదివి మా ప్రెస్సు గుండు మేస్త్రికి కూడా వినిపించాను. “మీ బావ సగం మంచోడే అయ్యుంటాడ్రా, రెండో సగానికి వ్యాక్స్ చాల్లేదు” అన్నాడు. ఆయనకి అన్నీ హాస్యమే. నేను నవ్వలేదు.

దీనితోపాటు ఒక కట్ట పంపుతున్నాను. మిగులు కాగితం మీద నేనే అక్షరాలు పేర్చి, మేస్త్రి భోజనానికి వెళ్ళినప్పుడు అచ్చు వేశాను. ‘వీధి గొంతు ఎండుతుంటే కంపెనీ కార్లు మెరుస్తున్నాయి! కంపెనీ తన కార్లని తన నీళ్ళతో కడుక్కోవాలి!’ ఇదీ మకుటం. బావ పేరు పెట్టలేదు, నీకోసం. టైలరమ్మ చేత పంచిపెట్టించు.

పొడిగుడ్డ మానకు. రోజూ తుడువు. ఆయన లేచేసరికి కడగడానికి ఏమీ మిగలకూడదు. గట్టిగా విదిలిస్తూ తుడిస్తే మూలల్లో దుమ్ము కూడా వచ్చేస్తుంది.

విప్లవాభినందనలతో (నవ్వకు),

తమ్ముడు

---

ఏప్రిల్ 4

తమ్ముడూ,

ఉత్తరం ఆలస్యమైంది. ఒంట్లో బాగాలేదు. భయపడకు, జలుబే.

నువ్వు చెప్పినట్టే చేశాను. నీ ఉత్తరం వచ్చిందగ్గర్నుంచీ, మీ బావ లేవకముందే, రోజూ. ఆ దుమ్ము మామూలు దుమ్ములా లేదురా. తెల్లగా, పిండిలా ఉంటుంది. నేలమీద దుమ్ము గరుకుగా ఉంటుంది కదా, ఇది జిగురుగా వేళ్ళని పట్టుకుంటుంది. గుడ్డ విదిలిస్తే గాలిలో అలాగే నిలబడుతుంది, కిందికి దిగదు. ఒకరోజు నా కనుబొమ్మలు కూడా తెల్లబడ్డాయి. అద్దంలో చూసుకుని మన బామ్మ గుర్తొచ్చి నవ్వుకున్నాను.

మొన్న మీ బావ తొందరగా లేచాడు. నేను బానెట్ తుడుస్తున్నాను. వెనకనుంచి వచ్చి గుడ్డ లాక్కున్నాడు. “ఎన్నాళ్ళనుంచి చేస్తున్నావిది?” అని అరిచాడు. మా పెళ్ళయ్యాక ఆయన గొంతు ఆ ఎత్తున వినడం అదే మొదటిసారి. నన్ను కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళి, అందరూ చూస్తుండగా, నా చేతులు మోచేతుల దాకా కడిగాడు. మొహం కడిగాడు. ముక్కులోకి నీళ్ళు ఎగబీల్చి చీదమన్నాడు. నేనేమైనా పసిపిల్లనా? టైలరమ్మ “కారు రంగు గీసుకుపోయిందేమో, పాపం” అంది. నిజంగానే గీసుకుపోయింది. పొడిగుడ్డ వల్ల ఎడమవైపంతా సాలెగూడులా సన్నటి గీతలు. వ్యాక్స్ పూసి పూసి పెంచుకున్న మెరుపంతా పోయింది. దానికోసమే కదా అరిచాడు. ఆ గుడ్డని మడిచి, సంచిలో కట్టి, దొడ్లో గొయ్యి తీసి పూడ్చాడు. గుడ్డకి సమాధి కట్టిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

అప్పట్నుంచి నేను మాట్లాడటం లేదు. మొదట పౌరుషానికి మానేశాను. ఇప్పుడు మాట్లాడదామన్నా గొంతు పెగలడం లేదు. లోపల ఇసుక పోసినట్టుంది. “ఇన్నాళ్ళకి మీ ఆయనకి హాయి” అని వీధంతా హాస్యాలు.

నీ కరపత్రాలు పంచారు. బాగా చదివారు. ఎక్కువే చదివారు. మొన్న పొద్దున కారు నాలుగు చక్రాల్లోనూ గాలి లేదు. మీ బావ పంపు తెచ్చుకుని ఒక్కడే గాలి కొట్టుకున్నాడు. కుళాయి దగ్గర నాకిప్పుడు ఎవరూ వరసలో చోటివ్వరు. కారు కడిగేవాడి పెళ్ళానికి నీళ్ళు ఎందుకట.

ఉంటాను. దగ్గొస్తోంది.

అక్క

---

ఏప్రిల్ 9

అక్కా,

నీ ఉత్తరం చదివాక నా చేతిలో ఉన్న అక్షరాల పెట్టె కింద పడింది. మేస్త్రి తిట్టాడు. పడనీ.

రంగు గీసుకుపోయిందని నడివీధిలో నిన్ను ఈడుస్తాడా? రేకు మీదున్న ప్రేమ మనిషి మీద లేదా? గుడ్డని పూడ్చాడట! సాక్ష్యం పూడ్చాడు. నువ్వు ఆయన సొత్తుని ముట్టుకున్నావన్న సాక్ష్యం. ఇంత జరిగినా ‘జలుబే’ అని రాస్తున్నావు. నీ గొంతు ఎందుకు పోయిందో నాకు తెలుసు. అవమానం గొంతులో గడ్డకడుతుంది. ఆడవాళ్ళ మౌనం గురించి ఒక పుస్తకం మా దగ్గర అచ్చయింది. అందులో నీ కథే ఉంది.

నీ ఉత్తరాలు చిన్నవైపోతున్నాయి. చేతిరాత వణుకుతోంది. ఆయన పక్కన నిలబడి రాయిస్తున్నాడా? నిజం చెప్పు. అవునంటే ఒక అక్షరం కింద గీత పెట్టు, అర్థం చేసుకుంటాను.

నువ్వు వచ్చెయ్. నా గది చిన్నదే. నేను ప్రెస్సులో పడుకుంటాను. నువ్వు రాకపోతే నేనే వస్తాను. వచ్చి ఈసారి భోజనం మానడంతో ఆగను. ఆ వ్యాక్స్ డబ్బాలన్నీ గేటు ముందు కుప్ప పోసి, కంపెనీ కుక్కకి ఎంత మెరుపు కావాలో అందరికీ చూపిస్తాను.

గాలి తీసినవాళ్ళకి నా నమస్కారాలు.

తమ్ముడు

---

ఏప్రిల్ 16, బుధవారం

తమ్ముడూ,

ఏ అక్షరం కిందా గీత లేదు. సరిగ్గా చూసుకో. పక్కన ఎవరూ లేరు. మీ బావ వసారాలో కూర్చుని కారుని కాపలా కాస్తున్నాడు. ఈ ఉత్తరం నాలుగు విడతలుగా రాస్తున్నాను, దగ్గు ఆగినప్పుడల్లా. కూర్చుని చదువు. మధ్యలో లేచి ఎవరినీ తిట్టకు.

నాకు గొంతు పూర్తిగా పోయింది. గుసగుస కూడా లేదు. కంపెనీ ఆసుపత్రిలో డాక్టరు చూశాడు. నోట్లోకి లైటు వేసి చూసినవాడు “మీకు దుమ్ము పడదమ్మా” అని ఎర్రమందు ఇచ్చాడు. “ఏ దుమ్ము?” అని మీ బావ అడిగాడు. డాక్టరు ఎర్రమందు సీసా మూత బిగిస్తూ ఉండిపోయాడు.

ఆదివారం పొద్దున నాకు కోపం ఆగలేదు. మాట రాదు కదా, కారు దగ్గరికి వెళ్ళి, బానెట్ మీద తెల్లగా పేరుకున్నదాని మీద వేలితో రాయబోయాను. నీ కారునే కట్టుకోకపోయావా అని రాద్దామని. మీ బావ పరుగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. ఈసారి అరవలేదు.

“ఇది మట్టి కాదే” అన్నాడు. “మట్టయితే కారుకేం కాదు. ఇది మా ఫ్యాక్టరీ పొగగొట్టంలోంచి వస్తోంది.”

పొగ బయటికి పోయేముందు లోపల నీళ్ళ జల్లుతో కడగాలట. ఆ జల్లు కొట్టే పంపు వానాకాలంలోనే పాడైంది. కొత్తది వస్తోంది, వస్తోంది అంటూ ఇన్నాళ్ళూ కొలిమి ఆపకుండా నడిపారు. పగలు తగ్గించి, మీ బావ షిఫ్టులో, చీకట్లో ఎక్కువ నడుపుతారు. తెల్లారేసరికి మన వీధి మీద దిగుతుంది. మేనేజరుకి రెండుసార్లు చెప్పాడట. మూడోసారి చెప్పబోతే “నీ కారు శుభ్రంగా ఉంచుకో, మిగతాది మేం చూసుకుంటాం” అన్నాడట.

టేపు పీకి చూపించాడు. పొడిగుడ్డతో నేను అరగదీశాక మళ్ళీ ఎడమవైపు వ్యాక్స్ పట్టించాడు. అక్కడ మెరుపు చచ్చిపోయి పాలిపోయింది, అయినా రంగు ఉంది. కుడివైపు వేలు పెట్టనివ్వలేదు. దగ్గరగా వంగి చూశాను. సూదులతో పొడిచినట్టు గుంటలు. కొన్నిచోట్ల రేకు కనిపిస్తోంది. “మంచుతో కలిసిందంటే రంగుని తింటుంది. వ్యాక్స్ ఉన్నచోట ముందు వ్యాక్స్‌ని తింటుంది. వ్యాక్స్ లేకుండా రంగు ఎన్నాళ్ళు తట్టుకుంటుందో చూద్దామని సగం వదిలాను. గుంట పడడానికి మొదట్లో వారం పట్టేది. ఇప్పుడు రెండ్రోజులు.”

నేను లోపలికెళ్ళి కాగితం తెచ్చుకుని రాసిచ్చాను. ‘నా గొంతుకి వ్యాక్స్ ఎవరు పూశారు?’

చదివి మెట్టుమీద కూలబడ్డాడు. నాకెందుకు చెప్పలేదు అని మళ్ళీ రాశాను. అప్పుడు చెప్పాడు. “చెబితే నువ్వు ఊరుకోవు. వీధికి చెప్తావు. వీధి గేటు దగ్గరికొస్తుంది. ఉద్యోగం పోతుంది, ఈ ఇల్లు పోతుంది. రోజూ పొద్దున్నే కడిగేస్తే ఆ రోజుకి లేనట్టే అనిపించేది. నువ్వు లేచి చూసేసరికి తెల్లగా ఏమీ ఉండకూడదు, అంతే అనుకున్నాను. కిటికీలు వేయిస్తే చాలనుకున్నాను. నువ్వు తుడుస్తావని కల్లో కూడా అనుకోలేదు.”

ఆయన్ని నువ్వు తిట్టిన తిట్లలో సగం తప్పు. సగం కాదు. అది ఆయనకీ తెలుసు.

ఇంకా ఉంది విను. నీ కరపత్రం ఫలించింది. ‘కంపెనీ తన నీళ్ళతో కడుక్కోవాలి’ అన్నావు కదా, పోయిన వారంనుంచి కంపెనీ కడుగుతోంది. తెల్లారకముందే పెద్ద నీళ్ళ ట్యాంకరు వస్తోంది. నీలం చొక్కాలవాళ్ళు దిగుతారు, అందరి మూతులకీ గుడ్డలు. ఎవరింటి ముందు ఏ బండి ఉంటే అది కడిగి, తుడిచి, వ్యాక్స్ కూడా పూస్తున్నారు. సైకిళ్ళు, తోపుడుబండ్లు, అరుగులు, మెట్లు, పైకప్పులు, చివరికి మొక్కల ఆకులు కూడా. కూలీ లేదు, ఖర్చు లేదు. మిగిలిన నీళ్ళు బిందెల్లో పోస్తున్నారు. వీధంతా “ఆ కుర్రాడి పుణ్యం” అంటోంది. ట్యాంకరు పక్కన నీ కరపత్రం పెద్దది చేసి అంటించారు, చూస్తే మురిసిపోతావు. సూర్యుడు వచ్చేసరికి మా వీధి అద్దంలా ఉంటుంది. కడిగిన నీళ్ళు కాలవలో తెల్లగా పోతాయి. టైలరమ్మకి నిన్నట్నుంచి దగ్గు మొదలైంది. ఎదురింటి ముసలాయన లేవడం లేదు. “ఎండలు కదా” అంటున్నారు. నేను చెప్పబోతే నోరు తెరుచుకుంటుంది, మాట రాదు. రాసిస్తే చదివేవాళ్ళు ఎందరు? చదివినవాళ్ళు కూడా నీళ్ళిచ్చేవాళ్ళ మీద నిందేమిటంటారు.

కడగనిది మా కారు ఒక్కటే. నీలం చొక్కాలవాళ్ళు రెండుసార్లు వచ్చారు. మీ బావ గేటుకి తాళం వేసి, “నా బండి నేనే కడుక్కుంటా” అని పంపేశాడు. ఆదివారంనుంచి తనూ కడగడం లేదు. పడిందాన్ని పడ్డట్టే ఉంచాడు. పొర మీద పొర. డ్యూటీకి కూడా పోవడం లేదు.

ఈ పొద్దున మేనేజరు తనే వచ్చాడు. తెల్ల చొక్కా, మంచి నవ్వు. “చెల్లెమ్మా, ఆరోగ్యం ఎలా ఉంది?” అని నన్నడిగాడు. నేను మాట్లాడలేనని తెలిసే అడిగాడు. కారు చుట్టూ తిరిగాడు. బానెట్ మీద ఒక వేలు పెట్టి రాసి, వేలు చూసుకున్నాడు. రుమాలుతో తుడుచుకున్నాడు. ఆ రుమాలు జాగ్రత్తగా మడత మీద మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. “ఇలా ఉంటే కంపెనీకి పరువు తక్కువ కదయ్యా. సోమవారం పొద్దున ఏడింటికి మనవాళ్ళని పంపిస్తా. తీసుకెళ్ళి శుభ్రంగా గీకించి, కొత్త రంగు వేయించి ఇస్తాం” అన్నాడు. మీ బావ “వద్దు సార్” అన్నాడు. “బండి కంపెనీదయ్యా. ఇల్లు కూడా కంపెనీదే” అన్నాడు. అదే నవ్వు. గేటు కూడా తనే మెల్లిగా వేసి వెళ్ళాడు.

ఆ కారు పోతే ఇంక ఈ వీధిలో ఏమీ పడనట్టే. నాకు నిజంగా జలుబే అయినట్టే.

ఏం చెయ్యాలో నీ పుస్తకాల్లో ఉందేమో చూడు. నా గొంతు వస్తుందో రాదో నాకు తెలీదు. మిగతావాళ్ళది పోకూడదు.

అక్క

---

ఏప్రిల్ 19, శనివారం

అక్కా,

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. పుస్తకాల్లో వెతకలేదు.

తుడవమని రాసింది నేను. విదిలిస్తూ తుడవమన్నది నేను. ట్యాంకరు మీద ఉన్నది నేను పేర్చిన అక్షరాలు. దీనికి నేనేమని రాసినా అది మళ్ళీ నా గురించే అవుతుంది. కాబట్టి రాయను. పనిలోకి వస్తాను.

ఇక్కడ పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తులు చూసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. తన ఆరోగ్య పాఠాలు మా ప్రెస్సులోనే అచ్చు వేయిస్తుంది. నీ ఉత్తరం పట్టుకుని పరుగెత్తాను. పూర్తిగా చదివింది. నన్ను కసిరింది, అది న్యాయమే. తర్వాత ఒకటే అడిగింది. “ఆ కారు ఇంకా ముట్టుకోకుండా ఉందా?” ఉందన్నాను. “అయితే నేనొస్తాను” అంది. సోమవారం తెల్లారి మొదటి బస్సుకి ఆవిడా నేనూ దిగుతాం. నీ గొంతు చూస్తుంది. బానెట్ మీదది గీకి గాజు గొట్టాల్లో పట్టి, సీలు వేసి, తనే తీసుకెళ్తుంది. మా గుండు మేస్త్రి కెమెరా ఇస్తున్నాడు. నేను అడగలేదు, తనే ఇచ్చాడు. ఈసారి హాస్యం ఆడలేదు.

కానీ ఆవిడ ఒకమాట ఖచ్చితంగా చెప్పింది. “ఒక ఇంట్లో నలుగురం చేరి తీస్తే, మీ పొయ్యిలో బూడిద చల్లుకున్నారు అంటారు. వీధంతా కళ్ళారా చూస్తుండగా తియ్యాలి. ఎంతమంది చూస్తే అంత నిజం.” ఏడింటికి వాళ్ళొస్తారు. ఆలోపు వీధి మీ గేటు ముందు ఉండాలి.

మా ప్రెస్సు పార్శిళ్ళ వ్యాను డ్రైవరుకి ఈ ఉత్తరం ఇస్తున్నాను. రేపు మధ్యాహ్నానికి నీ చేతికిస్తాడు. అచ్చు వెయ్యలేదు. అచ్చు వేస్తే మళ్ళీ ట్యాంకరు మీదికి ఎక్కుతుంది. దీన్ని చదివి వినిపించాలి. నువ్వు చదవలేవు. నేను వచ్చి చదివితే ‘కుర్రాడు, వేడిరక్తం’ అంటారు. బావే చదవాలి. రేపు సాయంత్రం, కుళాయి దగ్గర, బిందెలు నిండేవేళ, అందరూ ఉన్నప్పుడు. చదవనంటే నేను అనడానికేమీ లేదని చెప్పు. ఆయన ఇల్లు పోతుందని నాకు తెలుసు. నా గది ఉంది, చిన్నదే అయినా. కంపెనీ కుక్క అన్నమాట వెనక్కి తీసుకుంటున్నానని కూడా చెప్పు. దొంగ అన్నది మాత్రం తీసుకోను. ఆ నీళ్ళ లెక్క ఆయనే వీధికి చెప్పుకోవాలి.

రేపంతా ఎవరినీ కారు దగ్గరికి రానివ్వకు. ట్యాంకరు వస్తే గేటు తియ్యొద్దు. బావ కునుకు తీస్తే నువ్వు మేలుకో, నువ్వు పడుకుంటే ఆయన్ని మేలుకోమను. నువ్వు తడిగుడ్డ మూతికి కట్టుకో. దగ్గరికి మాత్రం పోకు, అక్కా.

ఇది బావ చదవాల్సింది. ఆయన మాటగా రాశాను. నచ్చకపోతే మార్చుకోమను, రమ్మన్న గంట మాత్రం మార్చొద్దు.

‘అమ్మలారా, అయ్యలారా. మీ నీళ్ళు ఇన్నాళ్ళూ వాడుకున్నది నేను. వాడుకున్నది కారు మెరవడానికి కాదు, మా గొట్టంలోంచి మీ మీద పడుతున్నది మీకు కనపడకుండా ఉండడానికి. పోసేది కంపెనీ. తెలిసి దాచింది నేను. నా భార్య గొంతు దానివల్లే పోయింది. మీ దగ్గులు దానివల్లే. రోజూ తెల్లారకముందు వచ్చి కడుగుతున్నది మీ బండ్లని కాదు, దాని ఆనవాళ్ళని. వీధిలో కడగనిది నా గేటు లోపల ఉన్న కారు ఒక్కటే. సోమవారం పొద్దున ఏడింటికి దాన్నీ తీసుకుపోతారు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ వస్తోంది. దాని మీద ఏముందో మీ కళ్ళముందే తీస్తుంది. నా మీద కోపం ఉన్నవాళ్ళు కూడా రండి, కోపం ఉన్నవాళ్ళే ముందు రండి. చంటిపిల్లల్ని ఇంట్లో ఉంచండి, మూతికి తడిగుడ్డ కట్టుకోండి, ఏమీ ముట్టుకోకండి. గేటుకి అడ్డంగా నిలబడితే చాలు. సోమవారం పొద్దున, ఆరు గంటలకి, మా ఇంటిముందు.’